మోర్గాన్ కెరీర్‌ని రెండు ముక్కలుగా చూపించే స్టాట్స్‌గురు: నా రివ్యూ

ఈఎస్‌పీఎన్ క్రిక్‌ఇన్ఫో అనే క్రికెట్ వెబ్‌సైట్‌లో, ఆటగాళ్ల లెక్కలు వెతుక్కోడానికి స్టాట్స్‌గురు అని ఒక టూల్ ఉంది. ఫ్రీ, ఏళ్ల నుంచి ఉంది, అయినా మనవాళ్లలో చాలామంది ప్లేయర్ పేజీలో పైన కనిపించే టోటల్ చూసి అక్కడితో ఆపేస్తారు. సచిన్‌కో రోహిత్‌కో అయితే అది చాలు. రెండు దేశాలకు ఆడినవాడి దగ్గరికి వచ్చేసరికి ఆ టోటల్‌తో పని జరగదు, ఈ టూల్ ఎందుకు కావాలో అప్పుడే తెలుస్తుంది. ముందు ఐర్లాండ్‌కి ఆడి తర్వాత ఇంగ్లండ్ కెప్టెన్ అయిన ఇయాన్ మోర్గాన్ పేరు కొట్టి చూశాను, అతని లెక్కలతోనే చెప్తాను. 2015, 2016లో మన సన్‌రైజర్స్‌కి ఆడిన మనిషే కాబట్టి వేరే పరిచయం అక్కర్లేదు.

వన్డేల్లో మోర్గాన్ టోటల్ 248 మ్యాచ్‌లు, 7701 పరుగులు, 14 సెంచరీలు. వాట్సాప్ గ్రూపుల్లో ఇదే అంకె "ఇంగ్లండ్‌కి 7701 కొట్టాడు" అని తిరుగుతుంటుంది, అది తప్పు. స్టాట్స్‌గురులో కెరీర్ సమ్మరీ తెరిస్తే ఏ జట్టు తరఫున ఎంత అని విడివిడిగా వరసలు వస్తాయి: ఐర్లాండ్‌కి 23 మ్యాచ్‌ల్లో 744, ఇంగ్లండ్‌కి 225 మ్యాచ్‌ల్లో 6957. ఈ 6957 చాలాకాలం ఇంగ్లండ్ రికార్డు, 2025లో జో రూట్ దాటాడు. విడగొట్టకుండా టోటల్ పట్టుకుంటే రూట్ రికార్డు ఎప్పుడు కొట్టాడన్న దానిమీద కూడా గొడవే.

అసలు మజా ఇన్నింగ్స్ లిస్టులో ఉంది. మొదటి వరస 2006 ఆగస్టు, స్కాట్లాండ్ మీద, 99 రనౌట్. తొలి వన్డేలోనే 99 దగ్గర అవుటవడం అంటే ఎంత ఉసూరుమనిపిస్తుందో చెప్పక్కర్లేదు. 2007 ఫిబ్రవరిలో కెనడా మీద 115. ఆ తర్వాత వచ్చిన ప్రపంచ కప్‌లో మాత్రం తొమ్మిది మ్యాచ్‌లకి 91 పరుగులు, ఐర్లాండ్ పాకిస్తాన్‌ని ఇంటికి పంపిన ఆ టోర్నీలోనే. అంటే ఐర్లాండ్‌కి ఆడినప్పుడు అతనేదో పెద్ద స్టార్ అన్న మాట కూడా పూర్తిగా నిజం కాదు, స్టార్ అవుతాడని అందరూ అనుకున్న కుర్రాడు. 2009 ఏప్రిల్‌లో ప్రపంచ కప్ క్వాలిఫయర్స్‌లో ఐర్లాండ్‌కి ఆడాడు, మే 24న బ్రిస్టల్‌లో వెస్టిండీస్ మీద ఇంగ్లండ్ తరఫున దిగాడు. టేబుల్లో ఈ రెండూ పక్కపక్క వరసలే, మధ్యలో గీత కూడా ఉండదు.

ఎందుకు మారాడో టేబుల్ చెప్పదు. ఐర్లాండ్‌కి టెస్టు హోదా వచ్చింది 2017లో. 2009లో డబ్లిన్ కుర్రాడికి టెస్టు ఆడాలని ఉంటే పక్క దేశం తప్ప దారి లేదు. తీరా ఆడింది 16 టెస్టులు, 700 పరుగులు, రెండు సెంచరీలు, అంతే. ఏ ఫార్మాట్ కోసం మారాడో అందులో పెద్దగా నిలబడలేదు, వన్డేల్లో మాత్రం ఇంగ్లండ్ ఆటనే మార్చేశాడు. "ద్రోహి" అని తిట్టేవాళ్లూ, "ప్రొఫెషనల్ అన్నాక మామూలే" అనేవాళ్లూ ముందు ఈ రెండు ఫార్మాట్లూ పక్కపక్కన పెట్టి చూస్తే బాగుండు.

ప్రత్యర్థి ఫిల్టర్‌లో ఐర్లాండ్ పెట్టి చూడండి, నాకు బాగా నచ్చింది అదే. సొంత దేశం మీద రెండు సెంచరీలు! ఒకటి 2013లో మలాహైడ్‌లో, అంటే సొంతూరి పక్కనే, ఇంగ్లండ్ కెప్టెన్‌గా 124 నాటౌట్. అదే మ్యాచ్‌లో బాయిడ్ ర్యాంకిన్ ఇంగ్లండ్ తరఫున తొలి వన్డే ఆడి నాలుగు వికెట్లు తీశాడు, అతనూ ఐర్లాండ్ వాడే. రెండోది 2020లో సౌతాంప్టన్‌లో 106, ఆ రోజు ఐర్లాండ్ 329 ఛేజ్ చేసి గెలిచింది, పాపం కెప్టెన్‌గారి సెంచరీ ఎవరికీ గుర్తు లేదు.

ఇంకా గమ్మత్తు కావాలంటే 2007 ప్రపంచ కప్ ఇంగ్లండ్–ఐర్లాండ్ స్కోర్‌కార్డు తెరవండి. డబ్లిన్‌లో పుట్టి ఇంగ్లండ్‌కి ఆడుతున్న ఎడ్ జాయ్‌స్‌ని ర్యాంకిన్ బౌల్డ్ చేశాడు, ఐర్లాండ్ జట్టులో మోర్గాన్ ఉన్నాడు. తర్వాత జాయ్‌స్ ఐర్లాండ్‌కి తిరిగొచ్చేశాడు, మిగతా ఇద్దరూ ఇంగ్లండ్‌కి వెళ్లారు, ర్యాంకిన్ మళ్లీ వెనక్కి వచ్చి 2018లో ఐర్లాండ్ మొదటి టెస్టు కూడా ఆడాడు. సీరియల్ కథలు కూడా ఇన్ని మలుపులు తిరగవు.

లోటు లేదా అంటే ఉంది. ఆడని మ్యాచ్ ఇందులో కనబడదు. 2011 ప్రపంచ కప్‌లో, బెంగళూరులో, ఐర్లాండ్ ఆటగాడు కెవిన్ ఓబ్రియన్ 50 బంతుల్లో సెంచరీ కొట్టి ఇంగ్లండ్‌ని ఓడించిన రోజు మోర్గాన్ గాయంతో జట్టులోనే లేడు. అతని కథలో అంత ముఖ్యమైన రోజు అతని పేజీలో ఖాళీ. అలాగే 2019లో లార్డ్స్‌లో ప్రపంచ కప్పు ఎత్తిన ఫైనల్ కూడా అతని బ్యాటింగ్ వరసల్లో ఓ చిన్న స్కోరే, కెప్టెన్సీ లెక్క వేరే ఫిల్టర్‌లో వెతుక్కోవాలి. అదే టోర్నీలో అఫ్గానిస్తాన్ మీద 71 బంతుల్లో 148, 17 సిక్సర్లు మాత్రం ఎక్కడ తెరిచినా మెరుస్తుంది.

డిజైన్ పాతకాలం నాటిది, ఫోన్‌లో కన్నా కంప్యూటర్‌లో హాయి. తెలుగులో లేదు, ఇంగ్లీష్ మాటలు ఓ పది అర్థమైతే పనైపోతుంది. నా రేటింగ్ అయిదుకి నాలుగు. మోర్గాన్ అయ్యాక సీనియర్ పటౌడీ పేరు కొట్టండి: ఇంగ్లండ్‌కి మూడు టెస్టులు, అందులో తొలి టెస్టులోనే సెంచరీ, తర్వాత 1946లో ఇండియా కెప్టెన్‌గా మూడు టెస్టులు. ఆ తర్వాత కెప్లర్ వెసెల్స్, ఆస్ట్రేలియాకి 24 టెస్టులు ఆడి 1992 ప్రపంచ కప్‌లో సౌతాఫ్రికా కెప్టెన్‌గా సిడ్నీలో అదే ఆస్ట్రేలియాని ఓడించినాయన. ఆదివారం మధ్యాహ్నం తెరిచారంటే సాయంత్రం దాకా లేవరు, ముందే చెప్తున్నా.