పాప చదువుకు నెలనెలా దాచాలంటే: చిట్టీ, ఆర్‌డీ, సుకన్య, సిప్‌లలో ఏది మేలు?

పదిహేనేళ్ల తర్వాత రాబోయే చదువు ఖర్చుకు ఇప్పుడే కూడబెట్టాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది "ఎందులో ఎక్కువ వస్తుంది?" అని. అంతకంటే ముందు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది: చేతిలో డబ్బు ఆడని నెలలో కూడా మనచేత వాయిదా కట్టించేది ఏది?

ఆ విషయంలో చిట్టీని మించింది లేదు. మనం ఆపేస్తే మిగతా సభ్యులకు ఇబ్బంది, నలుగురిలో మాట పోతుంది. అందుకే చాలామంది అప్పు చేసైనా చిట్టీ కడతారు. అయినా ఇంత దూరపు లక్ష్యానికి చిట్టీ వద్దనే అంటాను. 20 మంది, నెలకు 5,000 చొప్పున లక్ష రూపాయల చిట్టీ అనుకోండి. ఒకరు 20 వేలు వదులుకుని పాడుకున్నారు. అందులో, చిట్టీ మొత్తం మీద 5 శాతం కమీషన్ కింద 5 వేలు పోగా మిగిలిన 15 వేలు పంచితే తలా 750. ఆ నెల 4,250 కడితే చాలు. మిగిలిన 750 కూరగాయల్లోనో పెట్రోలులోనో కలిసిపోతుంది. నెలనెలా ఇలా జారిపోయేది చిన్న మొత్తమేమీ కాదు. పైగా 20 నెలలకే చిట్టీ అయిపోతుంది. చేతికొచ్చిన డబ్బుకు ఇంటి రిపేరో, దగ్గరివాళ్ల పెళ్లో ఎదురుచూస్తూ ఉంటుంది. మీ అవసరం ఏడాది రెండేళ్లలోనే ఉంటే చిట్టీ మంచిదే, కాకపోతే 1982 చిట్‌ఫండ్స్ చట్టం కింద నమోదైనదే చూసుకోండి.

పోస్టాఫీసు ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్, అంటే నెలనెలా ఒకే మొత్తం వేసే ఖాతా) నెలకు 100 రూపాయలతో మొదలుపెట్టొచ్చు, 60 వాయిదాలు. ఒక నెల తప్పితే వందకు రూపాయి జరిమానా. నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా ఆగిపోతుంది, రెండు నెలల్లోగా పునరుద్ధరించుకోవాలి. పొదుపు అలవాటే లేనివాళ్లు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది.

ఆడపిల్లల కోసం 2015లో వచ్చిన ప్రభుత్వ పొదుపు పథకం సుకన్య సమృద్ధి తీరు వేరు. ఏడాదికి 250 వేసినా ఖాతా బతికే ఉంటుంది, కాబట్టి కట్టించే ఒత్తిడి తక్కువ. కానీ తీసుకోవడం కష్టం: పాపకు 18 ఏళ్లు నిండాకో, పదో తరగతి పాసయ్యాకో చదువు కోసం సగం వరకే ఇస్తారు. మధ్యలో చేయి పెట్టే అలవాటున్న ఇంటికి ఈ తాళమే రక్ష. ఎప్పుడైనా వేసుకోవచ్చు కాబట్టి, పంట డబ్బు ఏడాదికోసారి వచ్చే రైతు కుటుంబానికి నా ఓటు దీనికే. పాపకు పదేళ్లు నిండకముందే తెరవాలి.

సిప్ అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత మొత్తం పెట్టడం. దీనికి పెరిగే అవకాశం ఎక్కువ, ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. ఆపడమూ అంతే తేలిక. 2020 మార్చి 23న షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ ఒక్కరోజే 13 శాతం పడింది. అలాంటి రోజున ఫోన్‌లో "ఆపు" నొక్కకుండా ఉండగలిగేవాళ్లకే సిప్ మేలు.

నెల జీతం వచ్చే ఇంట్లో ఆడపిల్ల ఉంటే సుకన్య, సిప్ రెండూ పెట్టుకోమంటాను. వాయిదా తేదీ జీతం పడిన మర్నాడే ఉండాలి. మొత్తం మాత్రం, ఆసుపత్రి ఖర్చు వచ్చిన నెలలో కూడా కట్టగలిగినంతే పెట్టుకుని, జీతం పెరిగినప్పుడల్లా పెంచుకుంటూ పోవాలి.