గొళ్లెం, కుళాయి, స్విచ్చు: బ్లీచింగా, స్పిరిటా, ఫినాయిలా?

వరద తీశాక కోనసీమ లంకల్లో ముందు ఒండ్రు ఎత్తిపోస్తారు, తర్వాత నేలంతా ఫినాయిల్ పోసి కడుగుతారు. తలుపు గొళ్లెం, మోటారు స్విచ్చు, ఫ్రిజ్ పిడి మాత్రం ఎవరికీ గుర్తు రావు. ఇంటిల్లిపాదీ రోజంతా ముట్టుకునేది వాటినే, ఆ చేత్తోనే అన్నం తినేదీ.

ఫినాయిల్ నేలకీ, బాత్రూముకీ సరే. చేత్తో పట్టుకునే వాటికి వద్దు. లేబుల్ లేకుండా లూజుగా అమ్మేదాంట్లో మందు ఎంతుందో చెప్పలేం. వాసన గుప్పుమంటే క్రిములు చచ్చినట్టు కాదు. దాన్ని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టకండి, పిల్లలు తాగే ప్రమాదం ఉంది.

అసలు పోటీ బ్లీచింగ్‌కీ స్పిరిట్‌కీ మధ్యే. వరద తగ్గిన రోజుల్లో, ఇంట్లో ఎవరికైనా వాంతులూ విరేచనాలూ పట్టుకున్నప్పుడు నేను బ్లీచింగ్‌నే నమ్ముతాను. వాంతులూ విరేచనాలూ తెచ్చే నోరోవైరస్ లాంటివి స్పిరిట్‌కు అంతగా లొంగవు, క్లోరిన్‌కు లొంగుతాయి. పైగా చవక. లీటరు నీళ్లకు తలకొట్టిన చెంచాడు, అంటే సుమారు 4 గ్రాముల పొడి కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు వంచుకోవాలి. వాంతి పడ్డ చోటైతే 4 చెంచాలు. గుడ్డ ముంచి తుడిచాక 10 నిమిషాలు తడి ఆరకూడదు. ఇనుప గొళ్లేన్ని ఆ తర్వాత మంచినీళ్లతో తుడవకపోతే తుప్పు పడుతుంది. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలుపుకోవాలి. మన డెల్టా గాలిలో చెమ్మ ఎక్కువ కదా, మూతి కట్టని పొట్లంలో పొడి గడ్డకట్టి, ఘాటు పోతుంది. అలాంటిది వాడినా ఒకటే, వాడకపోయినా ఒకటే.

స్విచ్‌బోర్డు, ఫోను, టీవీ రిమోట్ దగ్గరకొస్తే బ్లీచింగ్ పనికిరాదు, అక్కడ స్పిరిటే. మెయిన్ ఆపి, స్పిరిట్‌ను గుడ్డమీద పోసుకుని తుడవాలి, బోర్డుమీద చల్లకూడదు. ఆల్కహాల్ 70 శాతం ఉన్నదే కొనండి. అంతకన్నా గాఢమైంది పని చేసేలోపే ఆవిరైపోతుంది. అర నిమిషమైనా తడి నిలవాలి. పొయ్యి వెలుగుతున్నప్పుడు దగ్గరికి తేవద్దు.

ఈ రెండిట్లో ఏదైనా జిడ్డు, బురద మీద పనిచేయదు. ముందు సబ్బు నీళ్లతో రుద్దాల్సిందే. ఇంట్లో జబ్బు లేని మామూలు రోజుల్లో గొళ్లేనికీ కుళాయికీ ఆ సబ్బు నీళ్లే చాలు, మందుల ఖర్చు దండగ.

బాత్రూములో వాడే యాసిడ్‌ను మాత్రం బ్లీచింగ్‌తో ఎప్పుడూ కలపొద్దు. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరాడదు. పొరపాటున కలిస్తే తలుపులన్నీ తీసేసి, అందరూ వెంటనే బయటికి వచ్చేయండి.