హనుమకొండలో యూరిన్ కల్చర్: అంకెలు భేష్, ఆ ఒక్క కామెంటే తీసేయాలి

హనుమకొండ చౌరస్తా దగ్గరి ఈ ల్యాబ్‌వాళ్లు కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష) రిపోర్టును ‘ఎస్’ (మందు పనిచేస్తుంది), ‘ఆర్’ (పనిచేయదు) అక్షరాలతో సరిపెట్టరు. ఒక్కో మందు బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా పెరగని వలయం ఎన్ని మిల్లీమీటర్లో కూడా రాస్తారు. ఇది చాలా మంచి పని. ఈ.కోలి అనే బ్యాక్టీరియాకు 5 మైక్రోగ్రాముల సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ల పెడితే వలయం 26 మి.మీ., ఆపైన ఉండాలి. 21, అంతకు తక్కువైతే ‘ఆర్’. అయితే 20 వచ్చినా ఆర్, 6 వచ్చినా ఆర్. బిళ్ల వెడల్పే 6 కాబట్టి, 6 అంటే మందు అసలు సోకనట్టే. రెండిట్లోనూ ఆ మందు వాడకూడదు గానీ, లోపల జరిగింది మాత్రం ఒకటి కాకపోవచ్చు.

ఈ.కోలి ఒంట్లో ఏక్రాబ్-టోల్‌సీ అనే పంపు ఉంటుంది. లోపలి పొరలోని ఏక్ర్‌బీ మందును పట్టుకుంటుంది, టోల్‌సీ గొట్టం బయటి పొర దాటిస్తుంది, ఏక్ర్‌ఏ ఈ రెండింటినీ కలిపి ఉంచుతుంది. ప్రోటాన్లు లోపలికి వచ్చే శక్తితోనే ఇదంతా నడుస్తుంది. సిప్రో, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్ మూడింటినీ ఈ ఒక్క పంపే తోడేస్తుంది. పంపు జోరు పెరిగినంత మాత్రాన వలయం సాధారణంగా పూర్తిగా పోదు, చిన్నదవుతుంది. కానీ లోపల మందు పలుచబడితే బ్యాక్టీరియా బతికిపోతుంది, ఆలోపు గైరేజ్ (సిప్రో గురిపెట్టే ఎంజైమ్) జన్యువులో మార్పు వచ్చిందంటే సిప్రో పని అయిపోయినట్టే.

లోపం ఇక్కడే. మూడు మందులూ ‘ఆర్’ వస్తే రిపోర్టు కింద ‘ఎఫ్లక్స్ పాజిటివ్’ (పంపే మందును తోడేస్తోంది) అని కొడుతున్నారు. బిళ్లల పరీక్షతో ఆ మాట చెప్పలేం. మందులకు లొంగనివ్వని వేర్వేరు జన్యువులున్న ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాల మధ్య చేతులు మారే చిన్న డీఎన్‌ఏ వలయం) ఒక్కటి చేరినా ఇలాగే కనిపిస్తుంది. తేల్చాలంటే పంపును అడ్డుకునే రసాయనం కలిపి ఒకసారి, కలపకుండా ఒకసారి ఎంఐసీ (బ్యాక్టీరియా పెరగకుండా ఆపే కనీస మందు మోతాదు) చూడాలి. కలిపినప్పుడు నాలుగో వంతుకో, ఇంకా కిందికో దిగితేనే అనుమానానికి బలం. ఆ పరీక్ష ఇక్కడ చేయరు, మందు రాయడానికి దాని అవసరమూ లేదు.

నర్సంపేట, పరకాల నుంచి తెచ్చే శాంపిళ్లకు ఐస్ పెట్టకపోవడం ఇంకా పెద్ద తప్పు. ఈ.కోలి అనుకూలమైన వేడిలో 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. రెండు గంటలు దాటితే మి.లీ.కి బ్యాక్టీరియా లెక్క ఉత్తపుణ్యానికే, ఇన్ఫెక్షన్‌గా చూసే లక్ష దాటొచ్చు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర పెడితే 24 గంటలు ఆగుతుంది. కుదిరితే ల్యాబ్‌కే వెళ్లి, మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టి ఇవ్వండి. అప్పటికే యాంటీబయాటిక్ వేసుకుంటుంటే పేరు, చివరి డోసు టైము ఫారంలో రాయించండి. అడిగితేనే రాస్తున్నారు.