ఆకుపచ్చ చుక్క సెట్‌తో తొమ్మిదేళ్లు

పింగ్ కంపెనీ జీ30 ఐరన్లు, అంటే లోహపు తల ఉన్న గోల్ఫ్ కర్రలు, నా చేతికి 2016 మార్చిలో వచ్చాయి. సెకండ్ హ్యాండ్, నాలుగు వందల డాలర్లు, 5 నుంచి 9 దాకా, ఆపైన పిచింగ్ వెడ్జ్, మొత్తం ఆరు క్లబ్బులు (అంకె పెరిగేకొద్దీ బంతి ఎక్కువ ఎత్తుకి, తక్కువ దూరం పోతుంది). మోడల్ 2014ది. నేను కొనేనాటికే షాపుల్లో దాని తర్వాతిది వచ్చేసింది. ఆ తర్వాత ఎన్ని వచ్చాయో లెక్కపెట్టడం మానేశాను. ఇప్పటికీ శనివారం పొద్దున కారు డిక్కీలోంచి దించేది ఈ సెట్‌నే.

ముందు నా సంగతి చెప్పాలి. కొట్టేవాడు ఎవడో తెలియకుండా క్లబ్బు గురించి ఎంత చెప్పినా లాభం లేదు. ఉండేది డాలస్ పక్కన. ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. గోల్ఫ్ మొదలుపెట్టింది 37వ ఏట, అప్పటిదాకా ఒంటికి తెలిసిన ఆట గల్లీ క్రికెట్ ఒక్కటే. వారానికో రౌండు, అదీ పొద్దున ఆరున్నర, ఏడు మధ్య టీ టైం (ఆట మొదలుపెట్టే వేళ) దొరికితేనే. హ్యాండిక్యాప్ 21, అంటే బాగా ఆడిన రోజు కూడా కోర్సు ప్రమాణం కంటే దాదాపు అన్ని దెబ్బలు ఎక్కువ కొడతానని. చివరి 20 రౌండ్లలో బాగా ఆడిన 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, నా మామూలు రోజు అంతకంటే అధ్వాన్నంగా ఉంటుంది. స్కోరు, అంటే మొత్తం దెబ్బలు, నూరు దాటకపోతే ఆ రోజు ఇంటికొచ్చాక టిఫిన్ రుచిగా ఉంటుంది.

ఇక అసలు కథ. సెట్ వచ్చిన రోజు తిప్పి చూస్తే ప్రతి క్లబ్బు వెనకా ఒక ఆకుపచ్చ చుక్క. అందం కోసం పెట్టారనుకున్నా. 8 ఐరన్‌కి మాత్రం నల్ల చుక్క. పాతది కదా, రంగు మాసిపోయి ఉంటుందిలే అనుకుని ఊరుకున్నా.

రెండున్నరేళ్లు నా బంతి ఎడమకే పోయింది. క్రికెట్‌లో కింది చెయ్యి జోరుగా ఆడించే అలవాటు వల్లే అని తీర్మానించుకున్నా. క్లాసులకి వెళ్లా. గ్రిప్ పట్టుకునే తీరు మార్చా, నిలబడే తీరు మార్చా. చివరికి గ్రీన్‌కి (జెండా, గుంట ఉండే చోటికి) ఇరవై గజాలు కుడికి గురిపెట్టడం నేర్చుకున్నా. అంతా బాగానే ఉంది కానీ ఈ 8 ఐరన్ ఒక్కటే మాట వినదు. కుడికి గురిపెడితే కుడికే పోతుంది, నేరుగా పెడితే నేరుగా పోతుంది. దానికి ‘లక్కీ క్లబ్’ అని పేరు పెట్టుకుని, 7 తీయాల్సిన చోట కూడా బలమంతా పెట్టి 8తోనే కొట్టేవాణ్ని.

2018 చలికాలంలో గ్రిప్పులు (చేత్తో పట్టుకునే చోట ఉండే తొడుగులు) మార్పిద్దామని ఒక చిన్న రిపేరు షాపుకి వెళ్లాను. అక్కడి పెద్దాయన గ్రిప్పుల వంక చూడనే లేదు. క్లబ్బులన్నీ బల్ల మీద బోర్లించి అడుగులు చూశాడు. గీతలన్నీ మడమ (తల కర్రతో కలిసే కొస) వైపే ఉన్నాయి, ముక్కు (అవతలి కొస) వైపు కొత్తదానిలా మెరుస్తోంది. క్లబ్బు అడుగున టేపు అతికించి, ఒక ప్లాస్టిక్ పలక మీద అయిదు బంతులు కొట్టించాడు. టేపు మీద మచ్చ ప్రతిసారీ మడమ దగ్గరే పడింది. 8 తీసుకుని కొట్టమన్నాడు. మచ్చ నట్టనడుమ పడింది. “ఇవి నీకంటే బాగా పొడుగు మనిషి కోసం చేసినవి, ఇదొక్కటే నీది” అన్నాడు.

విషయం ఏమిటంటే, పింగ్‌లో చుక్క రంగు అలంకారం కాదు, క్లబ్బు తల షాఫ్ట్‌కి (కర్రకి) ఎంత వాలుగా ఉందో చెప్పే గుర్తు. నలుపు మధ్యస్థం. ఎరుపు దానికంటే కిందికి వాలినది. నీలం, ఆకుపచ్చ నిటారుగా ఉండేవి. మనిషి ఎత్తు ఎంత, చేతులు వదిలేసి నిలబడితే మణికట్టు నుంచి నేలకి ఎంత దూరం, ఈ రెండు కొలతల దగ్గర లెక్క మొదలవుతుంది. నాలాంటి పొట్టివాడు ఆకుపచ్చ చుక్క పట్టుకుంటే ముక్కు గాల్లోకి లేస్తుంది, మడమ నేలకి తగులుతుంది, బంతిని తాకే ముఖం ఎడమకి తిరుగుతుంది. పాపం నా కింది చేతిని అన్నాళ్లు అనవసరంగా తిట్టాను.

8 సంగతి కూడా ఆయనే తేల్చాడు. ప్రతి క్లబ్బు మెడ మీద సీరియల్ నంబర్ చెక్కి ఉంటుంది, ఒక సెట్‌కి ఒకటే నంబర్. అయిదింటి మీదా ఒకే నంబర్ ఉంది, 8 మీద వేరేది. అమ్మినాయన ఎక్కడో 8 పోగొట్టుకుని, ఇంకెవరిదో జత కలిపి నాకు అంటగట్టాడన్నమాట. ఆ మోసమే నాకు మేలు చేసింది.

అయిదింటినీ కంపెనీకి పంపి నల్ల చుక్కకి వంచి తెప్పించుకున్నా. తర్వాత రెండు నెలలు అన్నీ కుడికి పోయాయి. గురి అలవాటు అంత తొందరగా పోదు మరి.

ఆ సీరియల్ నంబర్ మరోసారి పనికొచ్చింది. 2021లో 9 ఐరన్‌ని గ్రీన్ పక్కన గడ్డిలో పడేసి పటర్ (గ్రీన్ మీద బంతిని దొర్లించే క్లబ్బు) తీసుకుని వెళ్లిపోయా. రెండు హోల్స్ తర్వాత గుర్తొచ్చి వెనక్కి వెళ్తే లేదు. నంబర్ ఫోన్లో ఉంది కాబట్టి ఆర్డర్ పెడితే అదే మోడల్, అదే కొలత, అదే నంబర్‌తో ఒక్క క్లబ్బు చేసి పంపారు. ఈ సెట్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే. దీనికోసం ఇంకో పదేళ్లు ఇదే కంపెనీవి కొంటాను.

ఆట విషయానికొస్తే, జీ30 నాలాంటివాళ్ల తప్పుల్ని దాచి పెడుతుంది. అడుగు వెడల్పు. బంతి నడుమ తగలకపోయినా పది గజాలు తగ్గుతుందేమో కానీ గడ్డిలోకి దూకి చచ్చిపోదు. చూడ్డానికి మాత్రం మొద్దుగా ఉంటుంది. పక్కవాడి సన్నటి క్లబ్బు పక్కన పెడితే పెళ్లిలో పట్టుపంచెల మధ్య గళ్ల లుంగీలా ఉంటుంది. నాకు బాధ లేదు.

ఒక మెలిక ఉంది. 7 ఐరన్ లాఫ్ట్, అంటే ముఖం వెనక్కి వాలిన కోణం, 30.5 డిగ్రీలు. పాతకాలం సెట్లలో 7 అంటే దాదాపు 35. దూరం ఎక్కువ పోతోందని కొనేవాళ్లు మురిసిపోవాలని ఈ రకం ఐరన్లు చేసే కంపెనీలన్నీ అంకె అలాగే ఉంచి ముఖాన్ని నిలబెట్టేశాయి. నా 7 ఐరన్ 145 గజాలు పోతుంది. (గజాలంటే మా ఇంట్లో ప్లాట్ కొలతే. “నూట నలభై అయిదు గజాలా, ఎక్కడ?” అని మా నాన్నగారు ఒకసారి ఫోన్లో అడిగారు.) చిక్కు కిందికొచ్చేసరికి మొదలవుతుంది. పిచింగ్ వెడ్జ్ 45 డిగ్రీలు, అది 110 గజాలు. తర్వాత నా దగ్గరున్నది 56 డిగ్రీల శాండ్ వెడ్జ్, అది 75. మధ్యలో 90 గజాల దగ్గర నిలబడితే చేతిలో ఏమీ లేదు. పెద్దదాన్ని మెల్లగా కొట్టబోయి నేల తవ్వడం, చిన్నదాన్ని గట్టిగా కొట్టబోయి బంతి నెత్తిన బాదడం, మూడేళ్లు ఇదే వరస. 50 డిగ్రీల వెడ్జ్ కొన్నాక ఆ గొడవ తీరింది. ఇలాంటి ఐరన్లు కొనేవాళ్లు ఆ ఒక్క వెడ్జ్ ఖర్చు కూడా అదే రోజు లెక్కలో వేసుకోండి.

60 డిగ్రీలది కూడా కొన్నాను, టీవీలో చూసి. బంతిని నిలువునా లేపి జెండా పక్కన దించాలని కోరిక. ఇక్కడి నల్లరేగడి వేసవిలో సిమెంటులా గట్టిపడుతుంది. క్లబ్బు అంచు దాని కిందికి పోదు, మీద నుంచి జారి బంతి నడుముకి తగులుతుంది, బంతి గ్రీన్ దాటి పార్కింగ్ వైపు పరిగెడుతుంది. ఆరు నెలల్లో దాన్ని గరాజ్‌లో పెట్టేశా.

డబ్బు తగలేసింది డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు) మీద. కొత్తది, 9 డిగ్రీలు, స్టిఫ్ షాఫ్ట్, 480 డాలర్లు. నా స్వింగ్ వేగం గంటకి 85 మైళ్లు. ఆ వేగానికి 9 డిగ్రీలు బంతిని గాల్లో నిలబెట్టలేదు, స్టిఫ్ షాఫ్ట్ వంగదు. అయినా స్టిఫ్ అంటే ఏదో మగతనం అన్నట్టు రెండు వేసవులు మోశాను. తర్వాత 110 డాలర్లకి 12 డిగ్రీల పాతది, రెగ్యులర్ షాఫ్ట్‌ది దొరికింది. దూరం అదే 200 గజాలు, వెతుకులాట మాత్రం సగానికి తగ్గింది. 2019 నుంచి పోయిన బంతిని వెతకడానికి మూడే నిమిషాలు ఇస్తున్నారు, అంతకుముందు అయిదు ఉండేవి. నాకు ఆ అయిదూ చాలేవి కావు.

పటర్ కూడా పింగ్‌దే, ఆన్సర్. పాతికేళ్ల పాతది, ముప్ఫై డాలర్లు. ఇంజనీరు కార్స్టెన్ సోల్‌హైమ్ దాని బొమ్మని ఒక గ్రామఫోను రికార్డు అట్ట మీద గీశాడట. 1966లో వచ్చిన ఆకారం ఇది. ఇప్పుడు షాపులో వేలాడే పటర్లలో సగం దాని పోలికే. దీని గురించి చెప్పడానికి ఇంకేమీ లేదు. మూడడుగుల దగ్గర వణికేది చేతులు, పటర్ కాదు.

బంతులు కాస్ట్‌కోలో. వాళ్ల సొంత బ్రాండు కర్క్‌ల్యాండ్, రెండు డజన్ల పెట్టె. పాలు, బియ్యం, బాదం పప్పు, బంతులు, ఒకే బిల్లు. ఒక్కోటి నాలుగైదు డాలర్లుండే బంతి నీళ్ల మీదుగా కొట్టాలంటే నాకు టెన్షన్. టెన్షన్‌తో కొడితే కచ్చితంగా నీళ్లలోకే పోతుంది. వీటికి ఆ బెంగ లేదు.

నేను నడిచే ఆడతాను. 18 హోల్స్ అంటే ఎనిమిది కిలోమీటర్లు దాటుతుంది. ఎలక్ట్రిక్ కార్టులో కూర్చుంటే బంతి దగ్గరికి చేరేలోపు ఆలోచించడానికి టైం ఉండదు, దిగగానే ఏదో ఒకటి తీసి కొట్టేస్తాం. అందుకని మూడు చక్రాల తోపుడు బండి కొన్నా. మొదటి బండి పేరు చెప్పను. దాని బ్రేకు తీగ రెండో ఏడు సాగిపోయింది. ఒక ఏటవాలు టీ (హోల్‌లో మొదటి దెబ్బ కొట్టే చోటు) దగ్గర బ్రేకు వేశాననుకుని వెనక్కి తిరిగితే, అది తాపీగా దిగిపోతోంది, పెళ్లికూతుర్ని సాగనంపినట్టు నలుగురం చూస్తూ నిలబడ్డాం. వాగులో మోకాలి లోతు నీళ్లు. సంచి తడిసింది, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ పోయింది. ఇప్పుడు ఏ బండి ఉన్నా చక్రాన్ని వాలుకి అడ్డంగా తిప్పే నిలబెడతా.

ప్రాక్టీసు రేంజ్‌కి వెళ్లడం తగ్గించాను. అక్కడ పరిచే మ్యాట్ అబద్ధం చెబుతుంది. బంతికి రెండంగుళాల వెనక నేల తగిలినా క్లబ్బు మ్యాట్ మీద జారి బంతిని తాకుతుంది, మనం భలే కొట్టామనుకుంటాం. అదే దెబ్బ గడ్డి మీదైతే మట్టిగడ్డ బంతి కంటే ముందు ఎగురుతుంది. ఆ టైంలో చిప్పింగ్ (గ్రీన్ పక్కనుంచి కొట్టే చిన్న దెబ్బలు), పటింగ్ చేసుకుంటే స్కోరు కార్డు మీద ఫలితం కనిపించింది.

టెక్సాస్ ఎండలో క్లబ్బులు డిక్కీలో వదిలేయకండి. నా గ్రిప్పులు ఎండిపోయి గాజులా తయారైంది అందుకే. ఇప్పుడు ఏడాదికోసారి నేనే మారుస్తా. పాతది కొక్కెం కత్తితో కోసి, రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, మినరల్ స్పిరిట్ పోసి, కొత్త గ్రిప్పు ఒక్క ఊపులో ఎక్కించాలి. మధ్యలో ఆగారో అక్కడే బిగుసుకుపోతుంది. మొదటిసారి 6 ఐరన్‌కి సగంలో ఆగిపోతే, మా ఆవిడ క్లబ్బు తల పట్టుకుంటే నేను గ్రిప్పు పట్టుకుని లాగాం. “ఏమండీ, ఇన్ని కర్రలు నిజంగా అవసరమా?” అంది ఆయాసపడుతూ.

న్యాయమైన ప్రశ్నే. సంచిలో 14 దాకా పెట్టుకోవచ్చని 1938 నుంచీ అమెరికాలో నియమం. నేను మోసేది పదకొండు: డ్రైవర్, 7 వుడ్ (డ్రైవర్ పోలికలోనే చిన్నది), 22 డిగ్రీల హైబ్రిడ్ (వుడ్‌కీ ఐరన్‌కీ మధ్య రకం), 6 నుంచి పిచింగ్ దాకా అయిదు, రెండు వెడ్జ్‌లు, పటర్. ఆరింటిలో 5 ఐరన్ పన్నెండో ఆటగాడు, హైబ్రిడ్ వచ్చిన రోజునుంచి గరాజ్‌లోనే ఉంది.

మొన్న బుధవారం మా చీరాల మిత్రుడు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. జీ30 సెట్, 200 డాలర్లు, “బావా, తీసేసుకోమంటావా?” అని. ఫొటో పెద్దది చేసి చూశా. అన్నిటికీ ఎర్ర చుక్కలే. వాడి ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు.

“వద్దురా, చుక్క ఎరుపు” అని పెట్టా.

“రంగుదేముంది బావా, నెయిల్ పాలిష్ వేస్తే పోతుంది” అని జవాబు వచ్చింది.