టీవీలో చూడటం మేలా, ఫోన్‌లో చూడటం మేలా? ఏది ఎంత కరెంటు కాలుస్తుంది?

మొన్న ఎండాకాలం సెలవులకు మా అన్నయ్య కూతురు కూకట్‌పల్లిలోని మా ఫ్లాట్‌కి వచ్చింది. ఇంజనీరింగ్ చదువుతోంది. రాత్రి భోజనాలయ్యాక హాల్లో అందరం సినిమా పెట్టుకుని కూర్చుంటే, "బాబాయ్, ఇంత పెద్ద టీవీలో ఫోర్‌కే ఎందుకు? ఒక్కో వీడియోకి, దాన్ని దాచి పంపే డేటా సెంటర్లు ఎంత కరెంటు తాగుతున్నాయో తెలుసా? నేను నా ఫోన్‌లో చూసుకుంటా" అని లేచి వెళ్లింది. లోపలి గదిలో ఏసీ వేసుకుని తలుపు దగ్గరికి వేసుకుంది.

ఆ పిల్ల బాధ నిజమైనది. ఆ వయసులో నాకు ఈ ధ్యాసే లేదు. కానీ ఆ రాత్రి ఎక్కువ కరెంటు కాల్చింది ఎవరు? హాల్లో ఐదుగురం కలిసి చూసిన టీవీనా, గదిలోని ఫోనా? తేల్చుకుందామని ఒక ప్లగ్ మీటర్ కొన్నాను. గోడకున్న సాకెట్‌లో అది పెట్టి, దానికి మన వస్తువు పెడితే ఎన్ని వాట్లు లాగుతోందో అంకెల్లో చూపిస్తుంది.

ముందు ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. అరగంట వీడియో చూస్తే 1.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుందని 2019లో ఫ్రాన్స్‌కి చెందిన ఒక సంస్థ చెప్పిన లెక్క ప్రపంచమంతా తిరిగింది. అందులో బిట్లకూ బైట్లకూ (8 బిట్లు ఒక బైటు) తేడా తప్పడంతో ఒకచోట లెక్క 8 రెట్లు పెరిగిపోయింది. తర్వాత ఆ సంస్థే దాన్ని సరిదిద్దుకుంది. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2020లో వేసిన లెక్క ప్రకారం గంట వీడియోకి అయ్యేది 0.08 యూనిట్లు, ప్రపంచ సగటున 36 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. మన దేశంలో ఇప్పటికీ సగానికి పైగా కరెంటు బొగ్గుదే. యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, ఇక్కడ అదే గంటకి 50 గ్రాములు దాటుతుంది.

ఆ లెక్కలో నాకు ముఖ్యమనిపించింది ఇంకోటి ఉంది. ఆ కరెంటులో దాదాపు 70 శాతం మన ఎదురుగా ఉన్న తెరదే. డేటా సెంటర్ వాటా చాలా తక్కువ. ఒకే సర్వర్ వేలమందికి పంచుతుంది కాబట్టి ఒక్కొక్కరి వంతు చిన్నదైపోతుంది. అలాగని డేటా సెంటర్లను తేలిగ్గా తీసుకోమనడం లేదు. 2022 నవంబర్‌లో అమెజాన్ క్లౌడ్ డేటా సెంటర్లు హైదరాబాద్‌లో మొదలయ్యాయి, ఇంకా చాలా వస్తున్నాయి. వాటికి ఎంత కరెంటు, ఎన్ని నీళ్లు కావాలో కంపెనీలూ ప్రభుత్వమూ జనానికి చెప్పి తీరాలి. అది అడగాల్సిన ప్రశ్నే. కానీ మన ఇంట్లో మన చేతిలో ఉన్నది మాత్రం తెర.

టీవీనా, ఫోనా?

మా 50 అంగుళాల టీవీని మీటర్‌కి తగిలించాను. కొన్ననాటి నుంచి, బొమ్మను బాగా వెలిగించే వివిడ్ మోడ్‌లోనే ఉంది, 112 వాట్లు చూపించింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఎకో మోడ్ పెట్టగానే అంకె 68కి దిగింది. బొమ్మ కొంచెం మెత్తబడింది, అంతే. లైట్లు తగ్గించాక ఆ తేడా కూడా కనిపించలేదు. వీడియో క్వాలిటీని ఫోర్‌కే నుంచి హెచ్‌డీకి మార్చి చూస్తే మాత్రం మీటర్‌లో చెప్పుకోదగ్గ మార్పే లేదు. పంపే కంపెనీ వైపు కూడా తేడా మనం అనుకున్నంత ఉండదు. రౌటర్లూ నెట్‌వర్క్ పరికరాలూ డేటా వెళ్లినా వెళ్లకపోయినా ఇంచుమించు ఒకేలా కరెంటు లాగుతాయి. గంటకి ఫోర్‌కేలో 7 జీబీ, హెచ్‌డీలో 3 జీబీ అయినా కరెంటు అదే నిష్పత్తిలో పెరగదు.

ఫోన్ అయితే రెండు మూడు వాట్లలో ఉంటుంది, లాప్‌టాప్ ఇరవై పైచిలుకు. ఒక్కరే చూస్తుంటే ఫోనే గెలుస్తుంది, అందులో సందేహం లేదు. కానీ మా అన్నయ్య కూతురి గదిలో ఫోన్ ఒక్కటే లేదు కదా! టన్నున్నర ఏసీ మొదట్లో 1,000 వాట్లు దాటుతుంది, గది చల్లబడ్డాక ఇన్వర్టర్ ఏసీ అయితే తగ్గుతుంది. సగటున గంటకి 0.7 యూనిట్ అనుకున్నా, రెండున్నర గంటల సినిమాకి 1.75 యూనిట్లు. అదే సినిమాకి ఎకో మోడ్‌లో మా టీవీ, రౌటర్ కలిపి 0.2 యూనిట్లు కూడా కాల్చవు. ఎలాగూ హాల్లో ఒక ఏసీ నడుస్తోంది. ఆ ఫోన్ కోసం రెండో ఏసీ వేయడమే అసలు ఖర్చు.

కాబట్టి నా తీర్పు ఇది: నలుగురైదుగురు ఉంటే ఒకే గది, ఒకే టీవీ. ఒక్కరే అయితే ఫోన్, దాంతో ఫ్యాను. అది బీఎల్‌డీసీ ఫ్యాను అయితే ఇంకా మేలు. పాత ఫ్యాను 75 వాట్లు లాగే చోట అది 30 వాట్లతో సరిపెడుతుంది. మా అన్నయ్య కూతురికి మీటర్ చూపించి ఇదంతా చెప్తే, కాసేపు అంకెలనే చూస్తూ, "అయితే రేపట్నుంచి అందరం ఇక్కడే" అంది.

వైఫైనా, మొబైల్ డేటానా?

ఇది చప్పున తేలిపోయేది. జర్మనీ పర్యావరణ సంస్థ 2020లో ఇచ్చిన అంకెల్లో, మన తెరను పక్కన పెట్టి నెట్‌వర్క్‌నీ డేటా సెంటర్‌నీ మాత్రమే లెక్కేస్తే, గంట హెచ్‌డీ వీడియోకి ఇంటి వైఫైకి వచ్చే ఫైబర్ లైనులో 2 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 4జీలో 13, 5జీలో 5 గ్రాములు వచ్చాయి. పాత 3జీలో ఏకంగా 90. అవి జర్మనీ కరెంటు లెక్కలు, మన అంకెలు వేరుగా ఉంటాయి, వరుస మాత్రం అదే. మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఎపిసోడ్ చూసే అలవాటుంటే, బయల్దేరే ముందే ఇంటి వైఫైలో డౌన్‌లోడ్ చేసుకోండి. పిల్లలు ఒకే పాటను రోజుకి పదిసార్లు పెట్టించుకుంటారు, దానికీ ఇదే మందు.

మా అమ్మ రోజూ పొద్దున యూట్యూబ్‌లో సుప్రభాతం పెడుతుంది, టీవీలోనే. వింటూ వంటింట్లో పని చేసుకుంటుంది, హాల్లో వేంకటేశ్వరస్వామి పటం గంటసేపు అలా వెలుగుతూనే ఉంటుంది. 2019లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సరిగ్గా ఇలాంటి వాడకాన్నే లెక్కేశారు: చూడకుండా వినేవాళ్లకి యూట్యూబ్ ఆడియో మాత్రమే పంపితే ఏడాదికి లక్ష నుంచి 5 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని. మా టీవీ సెట్టింగ్స్‌లో 'పిక్చర్ ఆఫ్' అని ఒకటి ఉంది. నొక్కితే తెర ఆరిపోయి పాట వినిపిస్తూనే ఉంటుంది. మీటర్ 68 నుంచి 19కి వచ్చింది. అమ్మకి ఆ బటన్ నేర్పించడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు తనే నొక్కుతుంది.

ఇంట్లోనా, థియేటర్లోనా?

ఇక్కడ తేడా చాలా పెద్దది. లీటరు పెట్రోల్ కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కూకట్‌పల్లి నుంచి థియేటర్లుండే ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కి కారులో వెళ్లి రావాలంటే, మన ట్రాఫిక్‌లో రెండు లీటర్లకు పైనే పోతుంది. నాలుగున్నర కిలోలు దాటినట్టే. మా హాల్లో ఆ సినిమాకి టీవీ, రౌటర్ల లెక్క 150 గ్రాములు కూడా కాదు. అందుకని థియేటర్ మానేయమని నేను అనలేను. పెద్ద తెర మీద, జనం ఈలల మధ్య చూసే సినిమా వేరు. మెట్రోలో అమీర్‌పేటలో ఒకసారి, పరేడ్ గ్రౌండ్స్‌లో ఇంకోసారి మారితే ఆ థియేటర్ల వీధికి దగ్గర్లోనే దిగొచ్చు.

కొత్త టీవీ కొనే ఆలోచన ఉన్నవాళ్లకి ఒక్క మాట. పాతది బాగానే పనిచేస్తుంటే ఉంచుకోండి, దాన్ని తయారుచేయడానికి అయిన కాలుష్యం ఎప్పుడో అయిపోయింది. కొనక తప్పకపోతే సైజు పెరిగేకొద్దీ వాట్లూ పెరుగుతాయని గుర్తుంచుకుని స్టార్ లేబుల్ చూడండి.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది సెట్‌టాప్ బాక్స్. నడుస్తున్నప్పుడు 11 వాట్లు, రిమోట్‌తో ఆపేశాక 9 వాట్లు! మేము దాన్ని వారానికి ఒకటి రెండుసార్లే వాడతాం. మిగతా గంటలన్నీ కలిపితే నెలకి 6 యూనిట్లకు పైన, అంటే ముప్పై సినిమాలకు మా టీవీ, రౌటర్ కాల్చినంత. ఇక్కడ ఉన్నన్నాళ్లూ గోడ దగ్గర స్విచ్ కట్టేయడం మా అన్నయ్య కూతురు ఒప్పుకున్న పని. ఊరికి వెళ్లిపోయాక కూడా ఫోన్ చేసి, "బాబాయ్, స్విచ్ ఆపారా?" అని అడుగుతుంది.