రొయ్యల ప్లాంటులో సాల్మొనెల్లా స్ట్రిప్పు: నా పేచీ అంతా టి గీతతోనే

రొయ్యల్లో సాల్మొనెల్లా అనే రోగకారక బ్యాక్టీరియా ఉందో లేదో గీతలతో చూపే స్ట్రిప్పు కిట్ మా ప్లాంటులో వాడుతున్నాం. డబ్బా మీద ‘10 నిమిషాల్లో ఫలితం’ అని ఉంటుంది. అబద్ధమేం కాదు, కాకపోతే ఆ పది నిమిషాలు మొదలయ్యేది మూడో రోజున. 25 గ్రాముల రొయ్యను 225 మి.లీ. బఫర్డ్ పెప్టోన్ వాటర్‌లో (బ్యాక్టీరియా తేరుకుని పెరిగే ద్రవం) వేసి 37 డిగ్రీల్లో రాత్రంతా ఉంచాలి. అందులోంచి 0.1 మి.లీ. తీసి 10 మి.లీ. ఆర్‌వీఎస్ బ్రోత్‌లో (సాల్మొనెల్లాను ఎంచి పెంచే ద్రవం) 41.5 డిగ్రీల దగ్గర ఇంకో రోజు పెంచాలి. స్ట్రిప్పుతో పని ఆ తర్వాతే. బ్యాక్టీరియా మిల్లీలీటరుకు లక్షల్లో ఉంటే గానీ గీత పడదు, మనకేమో 25 గ్రాముల్లో ఒక్కటున్నా దొరకాలి. పైగా ఐసులో, క్లోరిన్ నీళ్లలో నీరసించిన బ్యాక్టీరియా తేరుకోవాలంటే మొదటి రాత్రి తప్పదు. పెప్టోన్ వాటర్ ఫ్రిజ్‌లోంచి తీసి చల్లగానే వాడితే అది వేడెక్కడానికే గంటలు పోతాయి.

ఇవన్నీ తెలిసే కొన్నాం, వాటి మీద కోపం లేదు. టి గీత సంగతే వేరు. స్ట్రిప్పు మీద రెండు గీతలుంటాయి: పరీక్ష సరిగ్గా నడిచిందని చెప్పేది సి, సాల్మొనెల్లా ఉందని చెప్పేది టి.

పీలింగ్ షెడ్డు నుంచి వచ్చిన ఒక లాటు శాంపిల్‌కు సి గీత ముదురు ఎరుపులో పడింది. టి దగ్గర మాత్రం ఉందా లేదా అన్నట్టు గులాబీ జాడ. లైటు కింద ఒకవైపు తిప్పితే కనిపిస్తుంది, ఇంకోవైపు తిప్పితే లేదు. షిఫ్టులో ఒకరు నెగెటివ్ అన్నారు, ఒకరు పాజిటివ్ అన్నారు. గీత పలచగా ఉంటే బ్యాక్టీరియా తక్కువనే ఎవరైనా అనుకుంటారు. బ్రోత్ చూస్తే బాగా మడ్డెక్కి ఉంది. దాన్నే ఒక పాలుకు తొమ్మిది పాళ్లు తాజా బ్రోత్ కలిపి కొత్త స్ట్రిప్పు మీద వేస్తే టి గీత సి గీతంత మందంగా లేచింది. ఎక్స్‌ఎల్‌డీ ప్లేటు (సాల్మొనెల్లాను రంగుతో గుర్తుపట్టే పెంపకపు పళ్లెం) మీద మర్నాటికి నడుమ నల్లచుక్కతో ఎర్రటి కాలనీలు. నిర్ధారణ పరీక్షల్లోనూ సాల్మొనెల్లాయే.

రంగు రావాలంటే బ్యాక్టీరియాకు ముందు రంగునిచ్చే బంగారు రేణువున్న యాంటీబాడీ (బ్యాక్టీరియాను గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్) అంటుకోవాలి, ఆ తర్వాత అది టి గీత మీది యాంటీబాడీకి చిక్కాలి. బ్యాక్టీరియా మరీ ఎక్కువైతే రేణువులు చాలవు. రేణువు అంటనివే పోయి గీత మీది చోటంతా ఆక్రమిస్తాయి, రంగు రాదు. సి గీత పట్టుకునేది రేణువున్న యాంటీబాడీనే కాబట్టి అది మామూలుగానే పడుతుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. దీన్నే హుక్ ఎఫెక్ట్ అంటారు. మా కిట్ కరపత్రంలో దీని గురించి ఒక్క ముక్క లేదు!

ఇప్పుడు మడ్డెక్కిన ప్రతి బ్రోత్‌కూ రెండు స్ట్రిప్పులు: ఒకటి నేరుగా, ఒకటి పదో వంతుకు పలచన చేసి. చవక అనుకున్నది అంత చవక కాలేదు. ‘ఎవరైనా చదవగలరు’ అన్న మాటా సగమే నిజం. గడువు దాటి ఆరిపోయాక తేలే జాడను లెక్కలోకి తీసుకోకూడదు. ఫ్రిజ్‌లోంచి తీసిన స్ట్రిప్పు కవరు గది వేడికి రాకముందే చింపితే మన కోస్తా ఉక్కకు లోపల చెమ్మ పట్టి, నమూనా సరిగ్గా పాకదు. బ్రోత్‌ను కాసేపు కదపకుండా ఉంచి పైతేట తీసుకోవాలి, రొయ్య తునక అడ్డుపడితే అక్కడితో ఆగిపోతుంది.

అయినా మేం మానలేదు. ప్లేటు కోసం చూసే రోజు మిగులుతుంది, అనుమానం ఉన్న లాటును ముందే పక్కన పెట్టొచ్చు. కొనుగోలుదారుకు పంపే రిపోర్టు మాత్రం ప్లేటు పరీక్షదే. ఇంక్యుబేటర్, ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం), ప్లేట్లు చదివే మనిషి ఉన్న మాలాంటి చోటికి ఇది పనికొస్తుంది. హోటల్ వాళ్లకైతే వద్దనే అంటాను. మా కిట్‌కు బ్రోత్‌ను 10 నిమిషాలు మరిగే నీళ్లలో ఉంచి చల్లార్చాకే స్ట్రిప్పు మీద వేస్తాం. అప్పటిదాకా ఆ గొట్టంలో ఉన్నది కోట్ల కొద్దీ బతికున్న సాల్మొనెల్లా. వంటగది పక్కన పెంచే సరుకు కాదది. వాడిన గొట్టాల్ని 121 డిగ్రీల్లో ఆటోక్లేవ్ చేసే వీలు లేకపోతే శాంపిల్‌ను బయటి ల్యాబుకు పంపడమే నయం.