ప్రొటెక్షన్ ఉందని అమ్మిన లిథియం బ్యాటరీలో ప్లస్, మైనస్ తారుమారు: కొనేముందు చదవండి

ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్పు) బోర్డులతో పనిచేసేవాళ్లకు సామాన్లు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణం గురించి ఇది. వాళ్ల దగ్గర తెప్పించిన 3.7 వోల్టుల లిథియం పాలిమర్ బ్యాటరీని ఈ ఉదయం తగిలించిన క్షణంలోనే బోర్డు మీది టీపీ4056 చార్జింగ్ చిప్పు, వోల్టేజ్ రెగ్యులేటర్ పొగలు కక్కి కాలిపోయాయి. ఎర్ర తీగ బోర్డు మీది ప్లస్ గుర్తు వైపే ఉంది. మల్టీమీటర్ మాత్రం మైనస్ 3.9 చూపించింది. బ్యాటరీ తలమీది పసుపు టేపు విప్పితే, ఎర్ర తీగను 'పీ మైనస్' (అంటే మైనస్ తీగ అతకాల్సిన చోటు) అని అచ్చువేసిన చోట టంకం పెట్టి అతికించారు.

అమ్మకం పేజీలో 'రివర్స్ పోలారిటీ ప్రొటెక్షన్' (ప్లస్, మైనస్ తారుమారైనా రక్షణ), 'ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్షన్' (వోల్టేజ్ మితిమీరినా రక్షణ) అని రెండూ రాసి ఉన్నాయి. ఫోన్ చేస్తే అవతలి వ్యక్తి నా మాట పూర్తికాకముందే "మీరే తిప్పి పెట్టి ఉంటారు, మీలాంటివాళ్లు రోజూ ఫోన్ చేస్తారు" అన్నాడు. టంకం కనిపించేలా ఫొటో పంపిస్తే, "టేపు విప్పారు కాబట్టి వారంటీ వర్తించదు" అని ఫోన్ పెట్టేశాడు. టేపు విప్పకపోతే తప్పు నాదట, విప్పితే వారంటీ పోయిందట! సాయంత్రానికి ఆ పేజీలో 'రివర్స్ పోలారిటీ' అన్న మాట మాయమైంది. డబ్బు పోయినందుకు కంటే, తప్పు తమదని తెలిసి కూడా రుజువును చెరిపేసినందుకే నాకు ఇంత కోపం వస్తోంది.

అసలు ఈ బ్యాటరీల తలమీద ఉండే చిన్న బోర్డులో సాధారణంగా డీడబ్ల్యూ01 చిప్పు ఉంటుంది. అది సెల్ (లోపలి అసలు బ్యాటరీ) సుమారు 4.3 వోల్టులు దాటకుండా, మరీ అడుగంటిపోకుండా, షార్ట్ అయినప్పుడు కరెంటు ఆగేలా చూస్తుంది, అంతే. బయటి తీగలు తారుమారైతే దానికి తెలియదు, మనం పొరపాటున బోర్డుకు 12 వోల్టుల అడాప్టర్ తగిలించినా బోర్డును అది కాపాడదు. టీపీ4056 చిప్పు ఇన్‌పుట్ తట్టుకునే గరిష్ఠ పరిమితి 8 వోల్టులే. సెల్‌ను కాపాడే ఏర్పాటును మన బోర్డును కాపాడేదిగా చూపించి అమ్మడం పచ్చి మోసం.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ దుకాణాల్లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, తీగల రంగును నమ్మకుండా కనెక్టర్ దగ్గరే మీటరుతో చూడండి. చార్జింగ్ కూడా అవే తీగల మీదుగా జరుగుతుంది కాబట్టి అక్కడ డయోడ్ (కరెంటును ఒకే దిశలో పోనిచ్చేది) అడ్డం పెట్టడం కుదరదు. చార్జింగ్ లేని బోర్డులకైతే ప్లస్ దారిలో 1ఎన్5819 షాట్కీ డయోడ్ సరిపోతుంది, కాకపోతే కొంత వోల్టేజ్ దానికే పోతుంది. ఆ నష్టం వద్దనుకుంటే ఏఓ3401 లాంటి పీ-ఛానల్ మాస్‌ఫెట్ (స్విచ్చులా పనిచేసే ట్రాన్సిస్టర్) వాడండి. అడాప్టర్ వైపు 5.6 వోల్టుల జీనర్ (వోల్టేజ్ ఆ హద్దు దాటకుండా చూసే డయోడ్), దాని ముందు ఫ్యూజు ఉండాలి. పార్సిల్ విప్పేటప్పుడే మీటరు రీడింగు కనిపించేలా వీడియో తీసి, టేపు జోలికి వెళ్లకముందే ఫిర్యాదు పంపండి. అమ్మకం పేజీని కూడా కొన్నరోజే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.